మాస్టారి దాహం

మా మేనమామ తను గీసిన గీతను తనే దిద్దాల్సి రావడం నేను ఒక్కసారే చూశాను. దానికి కారణం నేను.

యూనిఫాంలు కుట్టే వర్క్‌షాపులో ఆయన కటింగ్ మాస్టరు. గుడ్డను అరవై పొరలు పరిచి, పైన కొలతల అట్ట పెట్టి, సుద్దబిళ్ళను ఒక్కసారి చుట్టూ తిప్పుతాడు. అంతే. చెరపడం, మళ్ళీ గీయడం ఉండవు. ఆ గీత మీద కటింగ్ మిషను నడిపిస్తే పై పొరా అడుగు పొరా కవల పిల్లల్లా వస్తాయి. పదమూడేళ్ళ వయసులో గుండీలు కుట్టడానికి చేరి, ఇరవయ్యారేళ్ళకు ఆ బల్ల దగ్గరికి వచ్చాడట. అప్పటి నుంచి ఇరవై నాలుగేళ్ళుగా అదే బల్ల, అదే కిటికీ. దాని మీద ఎవరైనా టీ గ్లాసు పెడితే ఏమీ అనడు. గ్లాసు తీసి వాళ్ళ చేతిలో పెట్టి, ఒక్క క్షణం మొహంలోకి చూస్తాడు. రెండోసారి ఎవరూ పెట్టరు.

అలాంటి మనిషిని ఆ బల్ల దగ్గర్నుంచి లేపేసినంత పని చేశాను. కావాలని చేయలేదు అని రాయడానికి చెయ్యి రావడం లేదు. కావాలనే చేశాను. పైగా మంచి పని చేస్తున్నాననుకున్నాను.

ఇంజనీరింగ్ రెండో ఏడాది మధ్యలో వదిలేశాను నేను. ఎందుకని అడిగిన ఒక్కో చుట్టానికి ఒక్కో కారణం చెప్పాను, ఏదీ నిజం కాదు. క్లాసులో కుదురుగా కూర్చోలేకపోయాను, అంతే. ఎనిమిది నెలలు మంచానికీ ఫోనుకీ అంటుకుపోయి ఉంటే అమ్మ వాళ్ళ తమ్ముడి దగ్గర మొత్తుకుంది. ఆయన వర్క్‌షాపు ఓనరమ్మను అడిగాడు. హాల్లో అందరూ ఆవిణ్ణి మేడమ్ అంటారు. "మా అక్క కొడుకమ్మా, ఇంజనీరింగ్ చదివాడు" అన్నాడట. ఎంతవరకు చదివాడో మాత్రం చెప్పలేదు. అంతకుముందు ఆ మనిషి ఎవరి దగ్గరా చెయ్యి చాపగా ఎవరూ చూడలేదని తర్వాత తెలిసింది.

మేడమ్ నన్ను హాలు మధ్యలో నిలబెట్టి, "పని ఎక్కడ ఆగుతోందో చూసి చెప్పు బాబూ. నాకు కనిపించనిది నీకు కనిపించాలి" అంది.

నాకు అంతకంటే ఏం కావాలి? కాలేజీ చదువులో బుర్రలో మిగిలిన నాలుగు ముక్కల్లో ఒకటి పైకి తేలింది. ఎవరు ఎన్ని అడుగులు అనవసరంగా వేస్తున్నారో కొలిచి, వాటిని తగ్గిస్తే పని పెరుగుతుందని. ఫోన్లో స్టాప్‌వాచ్ తెరిచి, నోట్‌బుక్ పట్టుకుని మిషన్ల మధ్య తిరగడం మొదలుపెట్టాను.

"ఇదిగో, పోలీసొచ్చాడు" అనేది కాజాల అక్క. గుండీల కాజాలు తీసే మిషను ఆమెది. నోరు కూడా ఆ మిషను లాగే, ఎక్కడ పడితే అక్కడ బెజ్జం పెడుతుంది. "ఒరేయ్ నాయనా, ఇప్పుడే తుమ్మాను. ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకున్నావా? లేకపోతే మేడమ్‌కి నష్టం."

హాలంతా నవ్వేది. నేను రాసుకుంటూ పోయేవాణ్ణి.

నాలుగు రోజుల్లో తేలిందేమిటంటే, హాల్లో అందరికంటే ఎక్కువ తిరిగేది మా మావయ్య. కటింగ్ బల్ల ఈ చివర కిటికీ దగ్గర. మంచినీళ్ళ డ్రమ్ము ఆ చివర మెట్ల పక్కన. ఆయన ఇరవై నిమిషాలకోసారి సుద్ద కింద పెట్టి, మెల్లగా ఆ చివరిదాకా నడిచి, రెండంటే రెండే గుక్కలు తాగి, మెట్ల రెయిలింగు పట్టుకుని కాసేపు నిలబడి, మళ్ళీ మెల్లగా వచ్చేవాడు. పొద్దుటి పూటే పన్నెండు సార్లు. ఒక్కోసారికి దగ్గర దగ్గర మూడు నిమిషాలు.

"ఇంత దాహమేంటి మావయ్యా? షుగరేమో చూపించుకోరాదూ" అన్నాను ఒకరోజు.

"వేడి శరీరం రా అల్లుడూ" అన్నాడు, తల గుడ్డ మీంచి ఎత్తకుండా.

నేను నమ్మలేదు. పెద్ద మాస్టరు, అడిగేవాడు లేడు, పని ఎగ్గొడుతున్నాడు అనుకున్నాను. సొంత మేనమామ అని వదిలేస్తే నా నిజాయితీ ఏమైపోవాలి? అదీ నా పొగరు. నాకు పని ఇప్పించిన మనిషి పేరును నా మొదటి రిపోర్టులో మొదటి వరుసలో రాసి మేడమ్ బల్ల మీద పెట్టాను. ఆ సోమవారం పొద్దున్నే వచ్చి, డ్రమ్మును దొర్లించుకుంటూ తెచ్చి కటింగ్ బల్లను ఆనించి నిలబెట్టి, నీళ్ళు నింపాను. చెయ్యి చాపితే గ్లాసు అందుతుంది.

మావయ్య వచ్చి డ్రమ్మును చూశాడు. తర్వాత నన్ను చూశాడు. "ఇదేంట్రా?"

"నీకోసమే మావయ్యా. ఇక అంత దూరం నడవక్కర్లేదు."

సుద్ద అందుకున్నాడు. "మంచిదే" అన్నాడు.

కాజాల అక్క మిషను ఆపి నా వైపు అదోలా చూసింది. మెచ్చుకుంటోందనుకున్నాను.

దాహం తీరింది గానీ ఆయన తిరుగుడు ఆగలేదు. సుద్ద అయిపోయిందని స్టోరు గదికి వెళ్ళేవాడు. ఒక పెట్టెడు సుద్ద తెచ్చి బల్ల మీద పెట్టాను. దారం రంగు పగటి వెలుతుర్లో చూడాలని గుమ్మందాకా పోయేవాడు. బల్ల పైన ఇంకో ట్యూబ్‌లైటు వేయించాను. బల్ల కింద ఒక ఇటుక ఉండేది. దాని మీద ఒక కాలు పెట్టి నిలబడి, కాసేపటికి కాలు మార్చేవాడు. ఎవరికైనా తగిలి పడతారని దాన్ని తీసి బయట పారేశాను. ఆఖరికి మేడమ్‌ను అడిగి ఎత్తు కుర్చీ ఒకటి, మెత్తతో సహా తెప్పించాను.

"కూర్చుని గీయి మావయ్యా, మహారాజులా" అన్నాను అందరి ముందూ. అందరి ముందూ అన్నాను కాబట్టి ఆయన కూర్చోక తప్పలేదు. క్లాసులో గంటసేపు కూర్చోలేక చదువు వదిలేసిన నేను, ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి వెనక నిలబడ్డాను. పది నిమిషాలకు ఆయన నుదుటి మీద చెమట పట్టింది. గాలి ఆడటం లేదేమో అనుకుని ఫ్యాను పెంచాను.

రెండో వారం, గురువారం. ఆసుపత్రి నర్సులకు తెల్ల కోట్లు కుట్టాలి. పెద్ద సైజు, అరవై పొరలు. మావయ్య కుర్చీలోంచి లేచి కటింగ్ మిషను అందుకున్నాడు. చంక వంపు దగ్గరికి వచ్చేసరికి ఒక్కసారిగా బిగుసుకుపోయాడు. గొంతులోంచి గుటక మింగినట్టు చిన్న చప్పుడు వచ్చింది. మిషను గీత దాటి బొటనవేలంత లోపలికి దూసుకుపోయింది. అరవై పొరల్లోనూ.

హాల్లో కుట్టుమిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. మేడమ్ వచ్చి గుడ్డను తిరగేసి చూసింది. అరవలేదు. అరిచినా బాగుండేది.

"ఏమైంది మాస్టారూ?"

"చూపు తప్పిందమ్మా" అన్నాడు, బల్ల అంచును రెండు చేతులా పట్టుకుని. "ఈ మధ్య మసకగా ఉంటోంది. అద్దాలు పెట్టించుకుంటాను."

పెద్ద సైజును చిన్న సైజుకు మార్చి గుడ్డను చాలావరకు ఆయనే కాపాడాడు. తన గీత పక్కనే తను ఇంకో గీత గీస్తుంటే ఎవరూ ఆ వైపు చూడలేదు. నేను చూశాను. సుద్ద తిన్నగానే నడిచింది గానీ, ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

మర్నాడు కళ్ళద్దాలతో వచ్చాడు. ఆ సాయంత్రం మేడమ్ నన్ను తన గదిలోకి పిలిచింది. నా రిపోర్టు ఆమె ముందే ఉంది.

"మాస్టారు ముందు నుంచీ తిరుగుళ్ళేనన్నమాట. ఇప్పుడు కళ్ళు కూడా. సోమవారం నుంచి ఆయన్ని ప్యాకింగ్‌కి వేద్దామనుకుంటున్నా. కూర్చుని మడతలు పెట్టే పని, ఆయనకీ సుఖం. కటింగ్‌కి ఇంకొకర్ని చూస్తాను. ఏమంటావ్?"

"మీ ఇష్టం మేడమ్" అన్నాను.

ఇరవై నాలుగేళ్ళ బల్లను ఆ ఒక్క మాటతో వదిలేశాను.

మావయ్య తన టిఫిను డబ్బా హాల్లో మర్చిపోయాడు. ఆదివారం పొద్దున అది ఇవ్వడానికి వాళ్ళింటికి వెళ్ళాను. ప్యాకింగ్ సంగతి మెల్లగా నేనే చెప్పి, మంచివాణ్ణనిపించుకుందామని కూడా లోపల ఉంది.

తలుపు తీసే ఉంది. ముందు గదిలో మావయ్య నేల మీద వెల్లకిలా పడుకుని, రెండు కాళ్ళూ కుర్చీ మీద పెట్టుకుని ఉన్నాడు. నడుం కింద వేడినీళ్ళ సంచి. నన్ను చూసి గభాల్న లేవబోయి ఆగిపోయాడు. ముందు పక్కకు దొర్లాడు. మోచెయ్యి ఆనించాడు. మోకాళ్ళ మీదికి వచ్చాడు. కుర్చీ పట్టుకున్నాడు. కాసేపు అలాగే ఉండి ఊపిరి వదిలాడు. అప్పుడు లేచాడు. ఒక మనిషి లేచి నిలబడడానికి అన్ని మెట్లు ఎక్కాలని నాకు అంతవరకు తెలియదు.

"వ్యాయామం రా" అన్నాడు.

అత్త వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "వ్యాయామమట! మేనల్లుడి దగ్గర కూడా దాపరికమేనా? నడుం నొప్పి రా నాయనా, ఆరేళ్ళ నుంచీ."

"నువ్వూరుకోవే."

"ఊరుకోను. ఊరుకునే ఇంతదాకా తెచ్చాను."

బీరువా పక్కనున్న సొరుగు లాగి చూపించింది. నిండా మాత్రల అట్టలు, సగం వాడినవి, అసలు వాడనివి. "ఇవి మింగితే రెండు గంటలు మత్తు, ఆ తర్వాత కడుపులో మంట. నొప్పి మాత్రం ఎక్కడిదక్కడే. వెన్నులో సూదులు పొడిచారు, నెల కూడా ఆగలేదు. ఫొటోలు తీసి, 'ఈ వయసులో అందరికీ ఉండేదే, ఏం లేదు' అన్నారు. ఏం లేదంటే ఈయన నమ్మలేడు, ఉందంటే జనం నమ్మరు. మధ్యలో నేను."

"మరి ఇన్నేళ్ళు ఎలా..."

"ఫిజియోథెరపీ పిల్ల పుణ్యం. నీకంటే నాలుగైదేళ్ళు పెద్దది ఉంటుందేమో. అది ఒక్కతే నిజం చెప్పింది. 'మాత్రలతో అయ్యేది కొంచెమే అండీ, మిగతాదంతా మీ కాళ్ళలో ఉంది' అంది. ఇరవై నిమిషాలకి మించి ఒక్క తీరున నిలబడొద్దు, కూర్చోవద్దు, లేచి నాలుగడుగులు వెయ్యండి అంది. నిలబడేటప్పుడు ఒక కాలు ఎత్తు మీద పెట్టుకోమంది. నాతో ఏమందో తెలుసా? 'పొద్దున్న లేచి నొప్పెంత ఉందని అడక్కండి, సాయంత్రం ఇవాళ ఏం పని చేశారని అడగండి' అంది. అప్పట్నుంచి అదే అడుగుతున్నా. నొప్పి పోయిందని కాదు. ఇప్పటికీ బూట్ల తాళ్ళు నేనే కడతాను. అయినా నాలుగేళ్ళు బాగానే నెట్టుకొచ్చాడు. నీళ్ళు తాగే వంకతో నడుచుకునేవాడు, ఎవరికీ తెలియకుండా."

నేను టిఫిను డబ్బా చేతిలోనే పట్టుకుని నిలబడి ఉన్నాను.

"ఎవడో మహానుభావుడు ఆ డ్రమ్ము తెచ్చి ఈయన పక్కలో పెట్టాడట. ఇటుక కూడా పారేశాడట. వాడి నడుం విరగ! వాడికీ ఒకరోజు తెలిసొస్తుంది. ఎవడ్రా వాడు, నీకు తెలుసా?"

నేను మావయ్య వైపు చూశాను. ఆయన వేడినీళ్ళ సంచి మూతను బిగిస్తున్నాడు. అది అప్పటికే బిగిసి ఉంది.

"ఎవడో కుర్రాడులేవే. మంచికే చేశాడు, వదిలెయ్" అన్నాడు.

అత్త నాకు టీ ఇచ్చింది, రెండు చెంచాల చక్కెర ఎక్కువ వేసి, నాకు అలా ఇష్టమని గుర్తుపెట్టుకుని. తాగాను. 'నేనే అత్తా' అనలేదు. గ్లాసు కడిగి బోర్లించాను, అదేదో ప్రాయశ్చిత్తమైనట్టు.

మావయ్య వీధి మలుపుదాకా నాతో నడిచాడు. నడుస్తుంటే ఆయన మొహం తేటపడడం కనిపించింది. ఇన్ని రోజులూ నేను స్టాప్‌వాచ్ చూశాను గానీ ఈ మొహం చూడలేదు.

"మేడమ్‌కి చెప్పేస్తే పోయేది కదా మావయ్యా. ఆవిడే నడవమనేది."

"కళ్ళు చెడితే అద్దాలొస్తాయి. నడుం చెడిన మాస్టర్ని ఎవరు పెట్టుకుంటార్రా?" అంటూ తన కళ్ళద్దాలు తీసి నాకిచ్చాడు. "పెట్టుకుని చూడు."

పెట్టుకున్నాను. వీధి ఎలా ఉందో అలాగే ఉంది. ఉత్త గాజు.

"నా చూపుకేం? సూదిలో దారం ఇప్పటికీ ఒక్క దెబ్బకే ఎక్కిస్తా" అని నవ్వాడు. ఆ నవ్వు కూడా సగంలోనే ఆపేశాడు. "సిగ్గురా అల్లుడూ. దెబ్బ తగిలితే కట్టు కనిపిస్తుంది. జ్వరమొస్తే ఒళ్ళు కాలుతుంది. దీనికేం చూపించను? కుంటితే నటిస్తున్నాడంటారు. మామూలుగా నడిస్తే, మరి నొప్పెక్కడా అంటారు. అందుకే దాహమన్నాను. దాహానికి ఎవరూ సాక్ష్యం అడగరు." అద్దాలు నా చేతిలోంచి తీసుకుంటూ అన్నాడు, "నువ్వొక్కడివే అడిగావ్."

నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది.

"ఎవరికీ చెప్పకు. మాటివ్వు."

ఇచ్చాను. ప్యాకింగ్ సంగతి చెప్పడానికి వెళ్ళినవాణ్ణి, అది చెప్పకుండానే వచ్చేశాను.

సోమవారం అందరికంటే ముందు వెళ్ళాను. డ్రమ్ములో నీళ్ళు పారబోసి, దాన్ని మెట్ల దగ్గరికి దొర్లించి, బకెట్లతో మళ్ళీ నింపాను. ఏడో బకెట్ దగ్గర నా నడుం కలుక్కుమంది. అత్త తిట్టు అంత త్వరగా తగులుతుందనుకోలేదు. వెనక చెత్తలో వెతికితే ఇటుక దొరికింది. కడిగి బల్ల కింద పెట్టాను. ఎత్తు కుర్చీని స్టోరు గదిలో పడేశాను.

మెట్లెక్కి వస్తున్న కాజాల అక్క డ్రమ్మును చూసి ఆగింది. "వచ్చిందా బుద్ధి?"

"నీకు తెలుసా అక్కా?"

"ఏది, ఆయన నడుమా? మా నాన్న అచ్చం ఇలాగే రెయిలింగు పట్టుకుని నిలబడేవాడు. ఆ డ్రమ్ము ముందు హాలు మధ్యలో ఉండేది. అక్కడ పెడితే మిషన్లు తడుస్తాయని గోల చేసి మెట్లదాకా జరిపించింది నేనే. దూరమైందని అందరూ నన్ను తిట్టారు కూడా."

"మరి నాకు ఒక్క మాట చెప్పొచ్చుగా!"

"నాకు తెలుసని ఆయనకే తెలియదు. నీకు చెప్తే నోట్‌బుక్కులో రాసి మేడమ్‌కి ఇచ్చేవాడివి."

కటింగ్ రిజిస్టరు తీసి, రోజువారీ పొరల లెక్క నోట్‌బుక్కులోకి ఎక్కించాను.

పదింటికి మేడమ్ హాల్లోకి వచ్చింది. మావయ్య కోట్ల మిగతా పొరల మీద అట్ట సర్దుతున్నాడు. "మాస్టారూ, ఒక మాట" అని ఆమె మొదలుపెట్టగానే నేను మధ్యలోకి వెళ్ళి నిలబడ్డాను.

"మేడమ్, నా రిపోర్టు తప్పు."

మిషన్లు ఆగాయి. నోట్‌బుక్ తెరిచి చూపించాను. డ్రమ్ము దూరంగా ఉన్నప్పుడు రోజుకు ఎన్ని పొరలు కోశారో, దగ్గరికి తెచ్చాక ఎన్ని కోశారో. దగ్గరికి తెచ్చాక తగ్గాయి, రోజురోజుకీ తగ్గాయి. "నేను ఆయన నడక కొలిచాను గానీ కోత కొలవలేదు. ఆయన నడిచినన్నాళ్ళూ ఒక్క పొర పాడవలేదు. నడక ఆపించింది నేను. గీత తప్పింది నా వల్ల."

"నడకకీ కోతకీ ఏంటి సంబంధం?"

మావయ్య చేతిలో అట్ట కదలకుండా ఆగింది. ఆయనకిచ్చిన మాట నాకు గుర్తుంది.

"తెలియదు మేడమ్. అంత చదువు నాకు లేదు. రెండో ఏడాది మధ్యలోనే వదిలేశాను. మీకు చెప్పలేదు."

వెంటనే కాజాల అక్క, "సగం ఇంజనీరా! అందుకేనా నా తుమ్ము కూడా సగమే రాశాడు!" అని అరిచింది. హాలు ఘొల్లుమంది. ఇస్త్రీ చేసే పెద్దాయన పెట్టె పక్కన పెట్టి మరీ నవ్వాడు. నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కానీ ఎవరూ మావయ్య వైపు చూడటం లేదు. అది చాలు.

మేడమ్ మాత్రం చూసింది. బల్ల కింద ఇటుకను, దాని మీదున్న ఆయన కాలిని, ముక్కు చివర జారుతున్న కళ్ళద్దాలను. ఏం అర్థమైందో నాకు తెలియదు.

"మాస్టారూ, ఈ కోట్లు కానివ్వండి. మీ బల్ల సంగతి మీరే చూసుకోండి" అంది. నా వైపు తిరిగి, "ఆ ఫోను జేబులో పెట్టు. ఇవాళ్టి నుంచి మాస్టారికి గుడ్డ పరిచే పని నీది. నువ్వు కొలిచింది చాలు" అంది.

ప్యాకింగ్ మాట మళ్ళీ ఎత్తలేదు. మధ్యాహ్నానికి మావయ్య అద్దాలు సుద్దపెట్టెలోకి చేరాయి.

బల్లకు అటు ఆయన, ఇటు నేను, గుడ్డ లాగి సర్దుతున్నాం. "మీ అత్తకి చెప్పావా?" అన్నాడు గొంతు తగ్గించి.

"లేదు. చెప్తాను."

"చెప్పకు. తిట్టిన తిట్టు వెనక్కి తీసుకోవడం దానికి చేతకాదు." గుడ్డ అంచు సరిచేస్తూ, "ఆ ఫోన్లో గడియారం ఉందా?" అన్నాడు.

"జేబులో పెట్టమన్నారుగా."

"పెట్టమన్నారు, పారెయ్యమనలేదు. పనిలో పడితే నాకు టైము తెలియదురా. నడుం బిగిశాకే తెలుస్తుంది. ఇరవైకోసారి గుర్తుచెయ్. ఎవరికీ తెలియకుండా."

ఇది జరిగి నాలుగు నెలలు. ఆయన నొప్పి పోలేదు. కొన్ని రోజులు పొద్దున్నే వర్క్‌షాపు మెట్లు ఒక్కొక్కటీ ఆగి ఎక్కుతాడు. అత్తకు నేను ఇంకా చెప్పలేదు. ప్రతి ఆదివారం చెబుదామనే వెళ్తాను, టీ తాగి వస్తాను.

హాల్లో మాత్రం జేబులో ఫోను వణికినప్పుడల్లా, "మావయ్యా, దాహం" అంటాను, గుడ్డ వదలకుండా. ఆయన సుద్ద కింద పెట్టి, "వీడికి పని చెయ్యడం కంటే నీళ్ళు తాగడం ఎక్కువైంది" అని గొణుక్కుంటూ మెట్లదాకా నడుస్తాడు. రెయిలింగు దగ్గర కాసేపు నిలబడతాడు. గ్లాసుతో తిరిగొస్తాడు.

"పెద్దాయన చేత నీళ్ళు మోయిస్తావా? కాళ్ళు లేవూ నీకు?" అంటాడు ఇస్త్రీ పెద్దాయన, రోజూ.

"సిగ్గనేది ఉండాలి కదా మనిషికి!" అని అందరికంటే గట్టిగా అరిచేది కాజాల అక్కే.

నేను తల వంచుకుని గ్లాసు అందుకుంటాను. అప్పటికి అది పొద్దుటి పూట ఏడో గ్లాసో ఎనిమిదో గ్లాసో అయి ఉంటుంది. కడుపులో చోటుండదు. అయినా చుక్క మిగలకుండా తాగుతాను.